బాలింత సొర

మా ఇంటికి చేపలు తెచ్చే అక్క ఖాళీ చేతులతో రావడం నేను మూడుసార్లే చూశాను. ఆ మూడూ నిరుడు చలి తగ్గే రోజుల్లో, నా కూతురు పురిటి మంచం మీద ఉండగా జరిగినవే. ముప్ఫై ఏళ్ళలో ఎన్నడూ లేనిది పది రోజుల్లో మూడుసార్లు జరిగింది. ఆ పది రోజుల్లో నేను అనకూడని మాటలు రెండు అన్నాను. వెనక్కి తీసుకునే వీలుంటే ఈపాటికి తీసుకుని ఉండేదాన్ని.

అక్క అంటే తోడబుట్టినది కాదు. బందరు దగ్గర సముద్రం ఒడ్డున వేట మీద బతికే కుటుంబం వాళ్ళది. మాది నందివాడ పక్కన ఊరు. నేను పెళ్ళయి ఈ ఊరు వచ్చిన ఏడాదే ఆమె కూడా అత్తగారి వెనక గంప ఎత్తుకుని మా వీధిలోకి వచ్చింది. ఇద్దరం కొత్త కోడళ్ళమే. పొద్దున్నే బందరులో రైలెక్కి గుడివాడలో దిగి, అక్కణ్ణుంచి బస్సులోనో, కండక్టరు వాసనంటూ గొణిగి దించేస్తే ఆటోలోనో వచ్చేది. తలమీద నిండు గంప ఉన్న మనిషి తనంతట తాను దించుకోలేదు. ఎవరో ఒకరు ఎదురెళ్ళి చెయ్యి వెయ్యాలి. వీధి మొదట్లో కేక వినపడగానే నేను చేతిలో పని వదిలేసి మెట్లు దిగి నిలబడేదాన్ని. ఆమె వచ్చి మోకాళ్ళు కొంచెం వంచేది, నేను రెండు చేతులూ ఎత్తేదాన్ని, గంప అరుగు మీదికి దిగేది. ఆ తర్వాతే పలకరింపులు.

ఆదివారం మాత్రం మేము ఆరాధన ముగించుకుని వచ్చేసరికి ఆమే ముందొచ్చి అరుగు మీద కూర్చుని ఉండేది. నేను చర్చి చీర కూడా మార్చుకోకుండా బేరానికి దిగితే నవ్వేది. "మీ దేవుడు కూడా ముందు చేపలోళ్ళనే పిలిచాడంట కదా చెల్లెమ్మా. ఇప్పుడేగా ఆయనకి దణ్ణం పెట్టుకునొచ్చావు, గుమ్మంలోనే నా పొట్ట కొడతావేంటి?" అనేది. నేను హైస్కూల్లో పిల్లల్ని గడగడలాడించిన టీచర్ని. నా నోటికి మా ఆయన కూడా జంకుతాడు. ఆమె ఒక్కతే నాకు సమాధానం చెప్పగలిగేది.

ఒక్క విషయంలో మాత్రం మా మధ్య బేరం ఉండేది కాదు. అది పాలసొర, చిన్న జాతి సొరచేప. బాలింతకి పాలు పడాలంటే పాలసొర పుట్టు వండి పెట్టాలని మా వైపు అందరికీ తెలిసిందే. అక్క వాళ్ళింట్లో ఇంకొంచెం పట్టింపు ఉంది. వాడికగా చేపలు పోసే ఇంట్లో ఆడపిల్ల ప్రసవిస్తే, సొర తీసుకుని వెళ్ళాలి. అది తేకుండా గడప దాటకూడదు. బాలింత అది తిన్నాకే బిడ్డ ముఖం చూడాలి. ఖాళీ చేతులతో బిడ్డని చూస్తే ఆ ఇంట పాలకి కరువని వాళ్ళ అత్తగారు చెప్పిందట. ఆ అత్తగారికి వాళ్ళ అత్తగారు చెప్పి ఉంటుంది.

నా పురుడు అత్తవారింట్లోనే జరిగింది. అప్పటికి మా అమ్మ పోయి ఏడాదైంది. మూడోనాడు అక్క వచ్చింది. గంపలో చేతి పొడవు సొర, తెల్లటి పొట్ట, ఒళ్ళంతా గరుకు. నన్ను మంచం దిగనివ్వలేదు. తానే పెరట్లో పొయ్యి రాజేసి, పసుపు వేసిన నీళ్ళలో ముక్కలు ఉడికించి, గరుకు తోలు ఒలిచి, కండని పిడికిట్లో పట్టి నీళ్ళు పిండింది. గుప్పెడు వెల్లుల్లి, మిరియాల పొడి వేసి వేయించింది. కారం తక్కువ, వెల్లుల్లి ఎక్కువ. అన్నంలో కలిపి తిన్నాను. తినేదాకా ఎదురుగా కూర్చుని, కంచంలో చివరి మెతుకు అయ్యాక లేచి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, అప్పుడు తొట్టె దగ్గరికి వెళ్ళి నా కూతుర్ని ఎత్తుకుంది. అమ్మ లేని లోటు నాకు ఆ పూట తెలియలేదు. ఈ మాట ఆమెతో ఎన్నడూ అనలేదు. అనాల్సినవి అనకపోవడం, అనకూడనివి అనడం నాకు అలవాటే.

అప్పట్లో మాకు నాలుగెకరాల వరి ఉండేది. పన్నెండేళ్ళ కిందట చుట్టూ ఉన్న చేలన్నీ చెరువులయ్యాయి. అన్నివైపులా చెరువులుంటే మధ్యలో ఉన్న వరిచేను బతకదు. గట్ల కిందనుంచి ఊట వచ్చి కోతల నాటికి కూడా చేలో పాదం మునిగేది. మా ఆయన రెండేళ్ళు పోరాడి, మూడో ఏడు జేసీబీని పిలిచాడు. మొదట బొచ్చె, శీలావతి చేపలు వేశాం. ఊరందరూ అవే వేశారు. ఐసు లారీలు వరసగా కలకత్తా వైపు వెళ్ళేవి. చేపల్లో మన దేశం ఎంత ముందుందో టీవీలో చెబుతుంటే మా ఆయన రిమోట్ పట్టుకుని ఉత్సాహంగా వినేవాడు. తర్వాత రేటు పడిపోయింది, మేత ఖర్చు పెరిగింది, చేపకి ఏదో తెగులొచ్చి ఒక ఏడు మొత్తం తేలిపోయింది. కొందరు రొయ్యకి వెళ్ళారు. మా ఆయన పండుగప్పకి వెళ్ళాడు.

పండుగప్ప తవుడూ చెక్కా తినే చేప కాదు. దానికి చేపే కావాలి. బందరు రేవు నుంచి రోజూ పొద్దున ఒక ఆటోలో చిల్లర చేప క్రేట్లలో వచ్చేది. బోట్ల వలల అడుగున మిగిలే సరుకు, కూరకి పనికిరాని సన్న చేప. దాన్ని ముక్కలు కొట్టి చెరువు మూలన వేస్తే నీళ్ళు ఉడికినట్టు కదిలేవి. మేత వేళ తప్పితే పండుగప్ప పక్కదాన్నే తినేస్తుంది. అందుకని మా ఇంట్లో ఎవరు తిన్నా తినకపోయినా ఆ మూలకి మాత్రం వేళకి పడాల్సిందే. నేను ఆ క్రేట్ల దగ్గరికి ఏనాడూ వెళ్ళలేదు. వాసన పడదు. అదే నా గొప్ప కారణం.

అక్క రాకపోకలు కూడా తగ్గుతూ వచ్చాయి. మొదట వారానికి మూడుసార్లు, తర్వాత ఒకసారి. వంజరం దొరకట్లేదు, చందువ కళ్ళపడట్లేదు, దొరికినవాటిని రేవులోనే కంపెనీల వాళ్ళు పట్టుకుపోతున్నారు అనేది. గుడివాడలో ఆమె వాడిక ఇళ్ళ పిల్లలు ఫోన్లో నొక్కి శుభ్రం చేసిన ముక్కలు తెప్పించుకుంటున్నారు. ఒక ఇంట్లో కోడలు గుమ్మం ముందు గంప దించవద్దు, టైల్స్ మరకలవుతాయి అందట. ఆ మాట చెప్పినప్పుడు అక్క నవ్వలేదు. అయినా చెరువు చేప మాత్రం ఆమె గంపలో ఎప్పుడూ లేదు. "అది మీరు పెంచేది చెల్లెమ్మా. నేను సముద్రం తెస్తాను" అనేది.

ఇలా ఉండగా నా కూతురు విజయవాడ నుంచి పురిటికి వచ్చింది. గుడివాడ ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి ఆడపిల్లని తీశారు. మూడోనాటికీ పాలు సరిగా పడలేదు. డాక్టరమ్మ మెల్లగా వస్తాయంది, బిడ్డని మాటిమాటికీ పట్టించమంది, చేపలతో దీనికేం పని లేదని నవ్వింది. అంతవరకూ డబ్బా పాలు రాసింది. నా మనవరాలు డబ్బా పాలు తాగడమా అని నాకు తల కొట్టేసినట్టయింది. చదువుకున్నదాన్నే, డాక్టరమ్మ చెప్పింది నాకు అర్థమయింది. అయినా ఇంటికి రాగానే అక్కకి ఫోన్ చేశాను.

"నువ్వు చెప్పాలా చెల్లెమ్మా! ఎల్లుండికి నీ గుమ్మంలో ఉంటాను. బిడ్డ నలుపా తెలుపా ఏమీ చెప్పొద్దు, వచ్చి చూసుకుంటాను" అంది.

చెప్పినట్టే వచ్చింది. కేక వినపడలేదు. గేటు చప్పుడు విని నేను మెట్లు దిగి, అలవాటుగా రెండు చేతులూ ఎత్తాను. ఆమె తలమీద ఏమీ లేదు. ఎత్తిన చేతుల్ని ఏం చెయ్యాలో తెలియక కొంగు సర్దుకున్నాను. "రేవులో లేదు చెల్లెమ్మా. రెండు రోజులు చూశాను. ఫోన్లో చెప్పే మాట కాదని వచ్చాను" అంది. మంచినీళ్ళు కూడా అరుగు మీదే తాగింది. లోపల పాప ఏడుస్తుంటే తల అటు తిప్పబోయి ఆగింది.

నాలుగు రోజుల తర్వాత మళ్ళీ వచ్చింది. ఈసారి దివిసీమంతా తిరిగింది. నాగాయలంకలో తెలిసినవాళ్ళని అడిగింది, లంకల్లో పడవల వాళ్ళని అడిగింది, అవనిగడ్డ మార్కెట్లో రెండు పూటలు కూర్చుంది. ఒక దగ్గర ఐసుపెట్టెలో సొర కనిపించిందట, ఎక్కణ్ణుంచో వచ్చిన సరుకు. "మొప్పల దగ్గర నొక్కితే వేలు దిగబడింది. బాలింతకి అదెట్టా పెడతాను?" అంది. ఆమె కాళ్ళు మోకాళ్ళ దాకా దుమ్ము కొట్టుకుని ఉన్నాయి.

పాప ఆ రోజు పొద్దుటి నుంచీ గుక్కపట్టి ఏడుస్తోంది. కూతురు పాలు పట్టలేక తానూ ఏడుస్తోంది. నాకు తిక్క రేగింది. "తెచ్చెయ్యకపోయావా అక్కా! వండేటప్పుడు చూసుకునేదాన్నిగా. నీ పట్టింపుల కోసం నా మనవరాలు ఆకలికి ఏడవాలా?" అన్నాను.

ఇది మొదటి మాట. ఆమె దేనికైనా సమాధానం చెప్పే మనిషి. దీనికి చెప్పలేదు. "మళ్ళీ చూస్తాను" అని లేచి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం ఎండలో ఆ మనిషి బస్టాండు దాకా నడిచి వెళుతుంటే, వెనక్కి పిలవాలని అనిపించింది. పిలవలేదు.

మూడోసారి పొద్దున్నే వచ్చింది. నేను మెట్లు దిగాను కానీ చేతులు ఎత్తలేదు. ఆమె అరుగు అంచున కూర్చుంది. సముద్రం చూపించినట్టు చెయ్యి గాల్లో తిప్పి, "లేదు" అంది. అంతే. నాకు నా మాట గుర్తొచ్చి సిగ్గుతో కాఫీ పెట్టుకొస్తానని లోపలికి వెళ్ళాను. కాఫీ తెచ్చేసరికి మేత ఆటో వచ్చి చెరువు గట్టు మీద ఆగింది. మా అరుగుకి చెరువు గట్టు ముప్ఫై అడుగులు. అక్క ఆటో వంక చూసి, "బందరు బండేగా, తిరిగి అందులోనే పోతాను" అంటూ లేచి గట్టు మీదికి నడిచింది. నేను గ్లాసు పట్టుకుని వెనకే వెళ్ళాను.

మా ఆయనా, డ్రైవరూ కలిసి క్రేట్లు దించుతున్నారు. నీలం క్రేట్లు. అంచు మీద పసుపు రంగుతో రెండు గీతలు. అక్క నడుస్తున్నది ఆగిపోయింది.

"ఇయ్యి మా బోటువి" అంది.

ఆమె కొడుకుకి ఒక బోటుంది. అది నీళ్ళలోకి దించిన రోజు ఆమె ఎంత మురిసిపోయిందో నాకు తెలుసు, మిఠాయి డబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చింది. బోటుకి, క్రేట్లకి గుర్తుగా ఆ గీతలు గీసింది తానేనని అప్పుడే చెప్పింది. కొడుకు వేట సరుకు ఎవరికో టోకుగా వేస్తాడని ఆమెకి తెలుసు, అది ఎక్కడికి వెళుతుందో అడగలేదు. మా మేత ఎవరి బోటు నుంచి వస్తుందో నేనూ అడగలేదు.

ఆమె క్రేటు ముందు కూర్చుని ఐసు పక్కకి తోసింది. వేలెడు చేపలు, విరిగిన పీతలు, పేరు పెట్టలేని బురద. చెయ్యి లోపలికి పెట్టి ఒకటి బయటికి లాగింది. జానెడు ఉంది. బూడిద రంగు వీపు, తెల్లటి పొట్ట. గట్టు మీద పెట్టింది. ఇంకొకటి తీసింది. మూడోది తీసింది. మా ఆయన మేత గంప పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆమె రెండో క్రేటు కూడా అడుగు దాకా వెతికింది. గట్టు మీద వరసగా పదకొండు సొర పిల్లలు పడుకున్నాయి. పది రోజులుగా బందరు రేవు, నాగాయలంక, లంకలు, అవనిగడ్డ తిరిగి ఆమె వెతికింది వీటి తల్లుల్ని. పిల్లలు ఆమె కొడుకు వలలో పడి, ఆమె గీసిన గీతల కింద, మా చెరువులో మేతకి వచ్చాయి.

అప్పుడు నేను రెండో మాట అన్నాను. మంచి మనసుతోనే అన్నాను, ఆమెకి ఊరటగా ఉంటుందని అన్నాను. "ఇవీ సొరలేగా అక్కా. ఇవే వండుదాం. నువ్వు లోపలికి వచ్చి పాపని చూద్దువుగాని, రా."

ఆమె నా వంక చూసిన చూపు నేను మరిచిపోలేను. కోపం లేదు అందులో. కోపమైతే నేను తట్టుకునేదాన్ని.

"ఇయ్యి పుట్టి ఎన్నాళ్ళయిందనుకుంటున్నావు చెల్లెమ్మా? నీ మనవరాలికంటే నాలుగు రోజులు పెద్దవేమో" అంది. మళ్ళీ తానే అంది. "పెద్ద చేప పడట్లేదని సందు లేని వల వేస్తున్నాడు మావాడు. పడిందల్లా ఎత్తి పోస్తున్నాడు. డీజిలుకన్నా రావాలి కదమ్మా అంటాడు. నేనేం చెప్పను? ఆ అన్నమేగా నేనూ తింటున్నాను."

మా ఆయన మెల్లగా, "అక్కగారూ, మేత వేళ దాటిపోతోందండీ" అన్నాడు. ఆయన్ని అప్పుడు కొట్టాలనిపించింది. కానీ ఆయన చెప్పింది నిజమే. చెరువు మూలన చేపలు అప్పటికే పైకి లేస్తున్నాయి.

అక్క తల ఊపింది. పదకొండింటినీ ఒక్కొక్కటిగా తీసి క్రేటులోనే వేసింది. "వేసెయ్యండి మరిదిగారూ. చచ్చినవాటిని ఏం చేసుకుంటాం" అంది. మోటారు దగ్గర చేతులు కడుక్కుంది. సబ్బుతో రెండుసార్లు. అలా కడుక్కున్నాక ఆమె వెళ్ళాల్సింది తొట్టె దగ్గరికి. ఆమె వెళ్ళి ఖాళీ క్రేట్ల పక్కన ఆటోలో కూర్చుంది. ఇంట్లో పాప ఏడుపు గట్టు దాకా వినిపిస్తోంది. ఆటో మలుపు తిరిగేదాకా ఆమె తల వంచుకునే ఉంది. కాఫీ నా చేతిలోనే చల్లారిపోయింది.

ఆ తర్వాత ఆమె మా ఊరికి రాలేదు. ఫోన్ చేస్తే ఒంట్లో బాగుండటం లేదనేది. నా కూతురికి పాలు కొంత పడ్డాయి కానీ చాలలేదు. పాప సగం డబ్బా పాలతోనే పెరిగి బొద్దుగా తయారైంది. డాక్టరమ్మ చెప్పినట్టే ఏ లోటూ లేదు. నా పంతానికి, ఆ బిడ్డ ఆకలికి సంబంధమే లేదని ఇప్పుడు తేలిగ్గా తెలుస్తోంది.

పాపని చర్చిలో దేవుడికి ప్రతిష్ఠించే ఆదివారం దగ్గరపడింది. పిలవడానికి నేనే బందరు వెళ్ళాను. వేట నిషేధం రోజులు. బోట్లన్నీ రేవులో ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి, వాటిలో పసుపు గీతలది కూడా ఉంది. అక్క ఇంటి ముందు కొబ్బరి మట్టల నీడలో కూర్చుని పాత వల చిరుగులు కుడుతోంది. నన్ను చూసి చాప వేసింది. గంప గోడకి బోర్లించి ఉంది. దాని అడుగున సాలీడు గూడు పెట్టింది.

పత్రిక ఇచ్చాను. పక్కన పెట్టుకుంది. "వస్తావా?" అన్నాను. "సొర దొరికితే వస్తాను" అంది. ఇద్దరికీ తెలుసు అది రాననడమని. నేను ఊరుకోలేక ఫోన్ తీసి పాప ఫోటో తెరిచి ఆమె ముందు పెట్టబోయాను. ఆమె చటుక్కున తల పక్కకి తిప్పి కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది.

"ఫోన్లో చూసినా చూసినట్టే కదా చెల్లెమ్మా. వద్దు" అంది. కొంగు అలాగే ఉంచి అడిగింది. "పాలు సరిపోయినయ్యా?"

"సరిపోయాయి అక్కా. బాగా పడ్డాయి" అన్నాను.

చేప మొప్ప చూసి ఎన్నిరోజులదో చెప్పే మనిషికి నా గొంతు తెలియకపోదు. "అయితే మంచిదే" అంది. నేను ఫోన్ సంచిలో పడేసుకున్నాక కొంగు దించి, మళ్ళీ వల చేతిలోకి తీసుకుంది.